ఎనిమిది వేలలో డార్జిలింగ్: విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఒంటరిగా వెళ్లేవాళ్లకి

జనవరి తెల్లవారుజామున పదహారు, పదిహేడు డిగ్రీలకి దిగితే చాలు, విజయనగరంలో మంకీ క్యాపులు బయటికొస్తాయి. అదే జనవరిలో డార్జిలింగ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా పది డిగ్రీలు దాటడం గగనం. రాత్రికి రెండు మూడు డిగ్రీలకి పడిపోతుంది. మే నెలలో మనం కరెంటు పోతే చాలు విసనకర్ర వెతుక్కునే రోజుల్లో అక్కడ పగలే స్వెటర్ వేసుకుని తిరుగుతారు. అరకు 900 మీటర్ల పైచిలుకు ఎత్తు. శ్రీకాకుళం జనానికి తెలిసిన మహేంద్రగిరి శిఖరం 1501 మీటర్లు. డార్జిలింగ్‌లో ఊరే 2042 మీటర్ల ఎత్తున ఉంది. తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ అంత ఎత్తుకి రాదు.

ఒక్కరే వెళ్లడానికి ఇది మంచి ఊరు. చూడాల్సినవి చాలామట్టుకు కాలినడక దూరంలో ఉంటాయి, షేర్ జీపులో ఒక్క సీటు ఎప్పుడూ దొరుకుతుంది, హిందీ నాలుగు ముక్కలొస్తే పని జరిగిపోతుంది. డబ్బు ఎక్కడ కారిపోతుందంటే బండి మొత్తం మాట్లాడుకోవడంలో, 'ఏడు పాయింట్ల టూర్' లాంటివి కొనడంలో. ఈ రెండూ మానేస్తే ఆరు రోజుల ప్రయాణం ఎనిమిది వేలలో తేలిపోతుంది. కింద చెప్పిన ధరలన్నీ సుమారువి. సీజన్‌ని బట్టి పైకీ కిందకీ కదులుతాయి.

ఎప్పుడు వెళ్లాలి

జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. వాన ఒక్కటే అయితే గొడుగుతో సరిపెట్టుకోవచ్చు, కొండచరియలు విరిగి రోడ్డు మూసుకుపోతే మాత్రం రైలు టికెట్టు, గది డబ్బు రెండూ పోతాయి. అక్టోబరు వచ్చేసింది కదా అని ధీమా పడకండి. 2025 అక్టోబరు 4 రాత్రి, 5 తెల్లవారుజామున కురిసిన వానకే డార్జిలింగ్, మిరిక్ చుట్టుపక్కల చరియలు విరిగి పదుల మంది చనిపోయారు, దూధియా దగ్గర వంతెన కూలిపోయింది.

దసరా రోజుల్లో కలకత్తా సగం కొండెక్కేస్తుంది. గది అద్దె రెట్టింపు, జీపు దొరకదు. అందుకని మన పైడితల్లి సిరిమాను చూసుకుని, దీపావళి కూడా దాటనిచ్చి బయల్దేరండి. నవంబరు మొదటి వారం నుంచి డిసెంబరు మధ్య దాకా ఆకాశం కడిగినట్టుంటుంది, మంచు కొండ కాంచన్‌జంగ కనిపించే అవకాశం అప్పుడే ఎక్కువ. చలి భయం ఉన్నవాళ్లకి మార్చి, ఏప్రిల్ నయం. కాకపోతే అప్పుడు గాలిలో మసక ఎక్కువ, కొండ కనిపించకుండానే తిరిగి రావాల్సి రావచ్చు. కొండ కోసమే వెళ్లేవాళ్లు నవంబరునే నమ్ముకోవాలి.

రైలు

అస్సాం వైపు వెళ్లే నేరు బండ్లు మన లైను మీదుగానే పోతాయి. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ అలాంటిదే. డార్జిలింగ్ కొండ కిందున్న పెద్ద స్టేషన్ న్యూ జల్పాయ్‌గుడి, అక్కడ దిగితే సరి. కానీ కేరళ, తమిళనాడులో పనిచేసి సొంతూళ్లకి పోయే కార్మికులతో వాటి స్లీపర్ పెట్టెలు కిక్కిరిసి ఉంటాయి, రిజర్వేషన్ దొరకడమూ కష్టం. అంత దూరం నుంచి వచ్చే బండి కాబట్టి ఆలస్యమూ మామూలే.

హౌరాలో మారడమే మెరుగు. తెల్లవారుజామున మన స్టేషన్లు దాటి సాయంత్రం ఆరేడు గంటలకి హౌరా చేరే బండి చూసుకోండి. సికింద్రాబాద్ నుంచి వచ్చే ఫలక్‌నుమా ఈ లెక్కకి సరిపోతుంది. రాత్రి పది దాటాక కలకత్తాలోనే ఉన్న ఇంకో పెద్ద స్టేషన్ సియాల్దా నుంచి డార్జిలింగ్ మెయిల్ ఉంటుంది, ఆ తర్వాత పదాతిక్ ఎక్స్‌ప్రెస్ ఉంటుంది. రెండిట్లో ఏది ఎక్కినా పొద్దున్నే న్యూ జల్పాయ్‌గుడిలో దింపుతుంది. మధ్యలో కనీసం నాలుగు గంటల ఖాళీ ఉంచండి. హౌరా దగ్గరపడ్డాక బండ్లు సిగ్నల్ కోసం గంట, గంటన్నర నిలబడిపోవడం కొత్తేమీ కాదు.

ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది. కలకత్తా వెళ్లే బండ్లన్నీ హౌరాకి పోవు. కొన్ని షాలిమార్‌లో, కొన్ని సంత్రాగాచిలో ఆగిపోతాయి. అక్కడ దిగితే సియాల్దా చేరడానికి ఆటోలు, బస్సులు మారాలి. టికెట్టు మీద చివరి స్టేషన్ పేరు చూసుకున్నాకే డబ్బు కట్టండి.

హౌరా నుంచి సియాల్దాకి ఇదివరకు పసుపు టాక్సీ బేరమే దిక్కు. 2025 ఆగస్టు నుంచి మెట్రో నేరుగా నడుస్తోంది. హౌరా స్టేషన్ కిందనే మెట్రో స్టేషన్ ఉంటుంది. హుగ్లీ నది అడుగు నుంచి పోయి పావుగంటలోపే సియాల్దాలో దింపుతుంది. టికెట్టు ఒక టీ, సమోసా ఖరీదు. స్టేషన్ చాలా లోతుగా ఉంటుంది, ఎస్కలేటర్లు దిగడానికే ఐదు నిమిషాలు వేసుకోండి.

రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదికి తెరుచుకుంటుంది. మన బండిలో బెర్తు నాలుగు రోజులు ఆలస్యమైనా దొరుకుతుందేమో గానీ, డార్జిలింగ్ మెయిల్‌లో సీజన్‌లో దొరకదు. అందుకని సియాల్దా బండి ముందు బుక్ చేసి, దానికి తగ్గట్టు మన వైపు బండి చూసుకోవాలి. తిరుగు ప్రయాణానికీ ఇదే పద్ధతి. స్లీపర్‌లో హౌరా దాకా 450 నుంచి 500, అక్కణ్ణుంచి 350 నుంచి 400 రూపాయలు అవుతుంది. ఒంటరి ప్రయాణంలో పై బెర్తు అడగండి. సంచి తలకింద పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు పడుకోవచ్చు, ఎవరూ లేపరు. నవంబరు తర్వాత సియాల్దా బండి స్లీపర్‌లో తెల్లవారుజామున కిటికీ సందుల్లోంచి వచ్చే గాలి మన ఒంటికి అలవాటు లేనిది. దుప్పటి అడుగు సంచిలో కాకుండా చేతికందేలా ఉంచుకోండి.

ఇక సంచి. చక్రాల సూట్‌కేసు ఇంట్లోనే వదిలేయండి. డార్జిలింగ్‌లో దారులంటే మెట్లే, చక్రాలు అక్కడ బరువే గానీ సాయం కాదు. వీపుకి తగిలించుకునే సంచి, మొత్తం ఏడెనిమిది కిలోలు దాటకూడదు.

కొండ ఎక్కడం

న్యూ జల్పాయ్‌గుడి స్టేషన్ బయట కాలు పెట్టగానే పదిమంది చుట్టుముడతారు. "షేర్ లేదు, బండి మొత్తం తీసుకోండి" అనేది అక్కడ మొదటి మాట. నమ్మకండి. ఇంకొంచెం ముందుకి నడిస్తే షేర్ సుమోలు నిలబడే చోటు ఉంటుంది. అక్కడ రేటు నచ్చకపోతే ఆటోలోనో టోటోలోనో (బ్యాటరీ రిక్షా) సిలిగుడి జంక్షన్ దగ్గరున్న తేన్‌జింగ్ నార్గే బస్టాండుకి వెళ్లండి. షేర్ జీపు సీటు చోటుని బట్టి 250 నుంచి 400 దాకా ఉంటుంది. అదే బస్టాండులో ప్రభుత్వ బస్సు దొరికితే ఇంకా చవక, కాకపోతే రోజుకి కొన్నే.

సుమోలో ముందు ఇద్దరు, మధ్యలో నలుగురు, వెనక నలుగురు. పదిమంది నిండితేనే కదులుతుంది. ఒక్కరే ఉన్నవాళ్ల లాభం ఇక్కడే తెలుస్తుంది. తొమ్మిది మంది నిండి ఒక్క సీటు కోసం ఆగిన బండి ఎక్కితే వెంటనే బయల్దేరుతుంది. కానీ ఆ మిగిలిన సీటు సాధారణంగా వెనక వరసలోదే. మలుపుల్లో కడుపు తిప్పేవాళ్లు తొందరపడకుండా తర్వాతి బండిలో ముందు సీటు గానీ మధ్య వరస కిటికీ గానీ అడిగి కూర్చోవాలి. వాంతుల మాత్ర బండెక్కాక వేసుకుంటే పనిచేయదు, అరగంట ముందు వేసుకోవాలి. ఖాళీ కడుపూ వద్దు, పూరీలూ వద్దు. రెండు అరటిపళ్లు చాలు. దారి మూడు గంటలు, రోడ్డు బాగోకపోతే నాలుగు.

కుర్సియాంగ్ దాటాక చలి ఒక్కసారిగా తెలుస్తుంది. జీపు మీద కట్టిన సంచిలో స్వెటర్ ఉండిపోతే దించమని అడగలేరు. ఒకటి చేతిలో పెట్టుకుని ఎక్కండి.

టాయ్ ట్రైన్, అదే కొండెక్కే బుల్లి రైలు, కింద నుంచి పైదాకా 88 కిలోమీటర్లు, ఏడు గంటలకి పైనే పడుతుంది, టికెట్టు వెయ్యి దాటుతుంది. రైళ్ల మీద పిచ్చి ప్రేమ ఉంటే తప్ప ఈ బడ్జెట్‌లో అది వద్దు. ఆ రైలుని డబ్బు పెట్టకుండా చూసే దారి కింద ఉంది.

చలి కాదు, తడి

మనవాళ్లు చలికి భయపడి లావుపాటి స్వెటర్లు రెండు పట్టుకెళ్తారు. అక్కడ నిజంగా ఇబ్బంది పెట్టేది తడి. మెట్లెక్కితే ఒళ్లు చెమటపడుతుంది. లోపల నూలు బనియను ఉంటే ఆ చెమట పీల్చుకుని అలాగే ఉండిపోతుంది. ఆగి నిలబడిన ఐదు నిమిషాలకి ఐసు గుడ్డ చుట్టినట్టవుతుంది, జలుబు అక్కణ్ణుంచే మొదలు. అందుకని ఒంటికి ఆనేది ఆటల షాపుల్లో దొరికే పాలిస్టర్ టీషర్టు గానీ థర్మల్ గానీ, దాని మీద ఒక స్వెటర్, పైన గాలి దూరని జాకెట్. ఎక్కేటప్పుడు స్వెటర్ తీసి నడుముకి కట్టుకోవాలి, ఆగగానే వేసుకోవాలి. మూటకట్టినట్టు మూడూ వేసుకుని మెట్లెక్కేవాళ్లే జ్వరంతో దిగుతారు.

నవంబరులో విజయనగరంలో రోడ్డు పక్కన స్వెటర్ల దుకాణాలు పెడతారు కదా, అక్కడ ఒకటి కొంటే చాలు. మిగతావి డార్జిలింగ్‌లో చౌరస్తాకి (ఊరి నడిబొడ్డున జనం కూర్చునే ఖాళీ స్థలం) వెళ్లే దారి పక్క దుకాణాల్లో బేరమాడితే దాదాపు అదే ధరకి వస్తాయి. మేజోళ్లు మాత్రం నాలుగు జతలు ఇంటి నుంచే తీసుకెళ్లండి. అక్కడ ఉతికినవి రెండు రోజులైనా ఆరవు. మంచు పట్టిన రాతిమెట్ల మీద చెప్పులు, తోలు అడుగు బూట్లు జారుతాయి. గాడులున్న రబ్బరు అడుగు బూట్లే వేసుకోండి.

కొబ్బరినూనె సీసాలో పోసి పట్టుకెళ్తే రాయిలా గడ్డకట్టి బయటికి రాదు, అది 24 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది. వెడల్పు మూతి డబ్బాలో వేసుకుంటే వేలితో తీసుకోవచ్చు. నువ్వులనూనె పచ్చళ్లకి ఆ బాధ లేదు. ఫోను బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది, సగం ఛార్జి ఉన్నట్టు కనిపిస్తూనే ఆగిపోవచ్చు. పై జేబులో కాకుండా లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచండి.

ఎత్తు గురించి భయం అక్కర్లేదు. తలనొప్పి, వికారం లాంటి ఎత్తు జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాక మొదలవుతుంది. ఇక్కడ మొదటి రోజు మెట్లకి ఆయాసం వస్తుంది, అంతే. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడక్కుండా బయల్దేరకూడదు.

గది

చౌరస్తా దగ్గర గదులు ఖరీదు. స్టేషన్ చుట్టుపక్కల, గాంధీ రోడ్డు మీద, పైన టీవీ టవర్ వైపు జాకిర్ హుస్సేన్ రోడ్డులో చవక గదులు, డార్మిటరీలు ఉంటాయి. డార్మిటరీ మంచం 400 నుంచి 800, సీజన్ కాని రోజుల్లో చిన్న గది 800 నుంచి మొదలు. ఒక్కరికి గది తీసుకున్నా ఇద్దరి డబ్బే కడతారు కాబట్టి మంచమే లాభం.

ఫోను మ్యాపులో '300 మీటర్లు' అని చూపిస్తే మోసపోకండి. అది అడ్డంగా కొలిచిన దూరం. నిలువున వంద మెట్లు ఉండొచ్చు. బుక్ చేసేముందు ఫోన్ చేసి "స్టేషన్ నుంచి ఎన్ని మెట్లు?" అని అడగండి. తర్వాత వేడినీళ్ల సంగతి అడగండి. "గీజర్ ఉంది" అంటే సరిపోదు, ఏ వేళల్లో వస్తాయి, బకెట్టుకి విడిగా డబ్బుందా అని అడగాలి. డార్జిలింగ్‌కి నీళ్ల కరువు పాతది. బ్రిటిష్ కాలంలో సెంచల్ దగ్గర కట్టిన చెరువుల మీదే ఊరు ఇప్పటికీ ఎక్కువగా ఆధారపడుతోంది, ఊరేమో ఎన్నో రెట్లు పెరిగింది. మార్చి నుంచి మే దాకా చాలా హోటళ్లు ట్యాంకర్ నీళ్లు కొనుక్కుంటాయి. రోజుకి ఒక బకెట్టే ఇస్తే గొడవ పడకండి, అది పిసినారితనం కాదు.

గదిలోకి వెళ్లగానే పరుపు మీద అరచెయ్యి గట్టిగా నొక్కి చూడండి. చల్లగా చెమ్మ తగిలితే ఎండ రాని గది అది, మార్చమనండి. తూర్పు కిటికీ ఉన్న గది ఏ హీటరుకన్నా మేలు. రాత్రి బొగ్గుల కుంపటి ఇస్తామంటే మాత్రం ఎంత చలేసినా తలుపులన్నీ మూసిన గదిలో పెట్టుకోవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండో రజాయి అడిగి కప్పుకోవడం మంచిది.

మూడు రోజులు ఎలా తిరగాలి

శనివారం తెల్లవారుజామున ఇంటి దగ్గర బయల్దేరితే ఆదివారం మధ్యాహ్నానికి డార్జిలింగ్ చేరతారు. ఈ రోజులే ఎందుకంటే జూ గురువారం మూసేస్తారు, హ్యాపీ వ్యాలీ తేయాకు తోటలో సోమవారం సెలవు. శనివారం బయల్దేరితే రెండూ దొరుకుతాయి.

ఇంకో లెక్క. ఊరు మనకన్నా తూర్పున ఉంది, గడియారం మాత్రం అదే. పొద్దు తొందరగా పొడుస్తుంది, తొందరగా కుంకుతుంది. శీతాకాలంలో ఐదింటికే చీకటి, దుకాణాలు ఏడెనిమిదికల్లా కట్టేస్తారు. పొద్దున తొమ్మిదికి లేచి పదకొండుకి బయటపడే అలవాటుంటే సగం రోజు పోయినట్టే. మబ్బులు కూడా పది దాటాకే పైకెక్కుతాయి.

ఆదివారం ఏమీ పెట్టుకోకండి. సాయంత్రం చౌరస్తాకి నడిచి కూర్చోండి. అక్కణ్ణుంచి అబ్జర్వేటరీ హిల్ చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చే రోడ్డు ఉంది, దాదాపు చదును. మరుసటి రోజు తెల్లవారుజామున రావాల్సింది అక్కడికే కాబట్టి దారి చూసుకోవడమూ అవుతుంది.

టైగర్ హిల్ గురించి ఒక మాట. దాని ఎత్తు 2590 మీటర్లు, ఊరికి 11 కిలోమీటర్లు. తెల్లవారుజామున మూడున్నరకి లేచి, షేర్ జీపు సీటుకి మూడు నాలుగు వందలు పెట్టి, బండ్ల వరసలో చిక్కుకుని, వందల ఫోన్ల వెనక నిలబడి చూడాలి. మబ్బు పడితే అదీ లేదు, డబ్బు వెనక్కి రాదు. కాంచన్‌జంగ ఎత్తు 8586 మీటర్లు, మన దేశంలో దానికి మించింది లేదు. అంత కొండని చూడటానికి జీపెక్కాల్సిన పని లేదు. అబ్జర్వేటరీ హిల్ వెనక వైపు రోడ్డు మీద ఉత్తరానికి తిరిగి నిలబడితే పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. సూర్యోదయానికి ఇరవై నిమిషాల ముందు అక్కడుండండి. మొదట శిఖరం ఒక్కటే గులాబీ రంగుకి తిరుగుతుంది, తర్వాత బంగారు రంగు కిందకి పాకుతుంది, పావుగంటకి మామూలు తెలుపు. మూడు తెల్లవారుజాములు మీ చేతిలో ఉన్నాయి, ఒక రోజు మబ్బు పట్టినా ఇంకో రోజు దొరుకుతుంది. టైగర్ హిల్‌కి ఉన్నది ఒకే అవకాశం. అక్కణ్ణుంచి ఎవరెస్టు కూడా కనిపిస్తుందంటారు, నిజమే, కాకపోతే దూరంగా చిన్న ముక్కలా.

అబ్జర్వేటరీ హిల్ గుట్ట మీదే మహాకాల్ గుడి ఉంది. ఒకే చోట శివలింగానికి పురోహితుడు, పక్కనే బౌద్ధ లామా పూజ చేస్తారు. కోతులున్నాయి, ప్రసాదం చేతిలో పట్టుకుని నడవకండి.

సోమవారం జూ. చౌరస్తా నుంచి దిగువగా అరగంట నడక. దాని పేరు పద్మజా నాయుడు హిమాలయన్ జంతుశాల. సరోజినీ నాయుడి కూతురు, పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేసిన హైదరాబాద్ ఆడపడుచు ఆవిడ. తెలుగువాళ్లకి ఆ బోర్డు దగ్గర ఫొటో తీసుకోవాలనిపించడం సహజం. ఎర్ర పాండా, మంచు చిరుత ఇక్కడ ఉంటాయి. తెరవగానే వెళ్లండి, ఎర్ర పాండాలు పొద్దున మేత వేళ చురుగ్గా తిరిగి తర్వాత కొమ్మ మీద ముడుచుకు పడుకుంటాయి. అదే ఆవరణలో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1953 మే 29న ఎవరెస్టు ఎక్కిన తేన్‌జింగ్ నార్గే పనిచేసిన చోటు, 1954లో పెట్టారు. మ్యూజియంలో అప్పటి బూట్లు, తాళ్లు, ఆక్సిజన్ సిలిండర్లు చూస్తే ఇప్పుడు మన ఒంటి మీదున్న జాకెట్ విలువ తెలుస్తుంది. రెండిటికీ కలిపి మూడు గంటలు ఉంచుకోండి. తిరిగి ఎక్కేటప్పుడు నడక గంట పడుతుంది, ఓపిక లేకపోతే షేర్ జీపు ఎక్కండి.

మంగళవారం పొద్దున ఘుమ్. చౌక్ బజార్ దగ్గర నుంచి షేర్ జీపు, కొద్ది రూపాయలే. ఘుమ్ స్టేషన్ 2258 మీటర్ల ఎత్తున ఉంది, మన దేశంలో అంత ఎత్తున ఇంకో రైల్వే స్టేషన్ లేదు. స్టేషన్ నుంచి కొంచెం లోపలికి వెళ్తే 1850లో కట్టిన యిగా చోలింగ్ మఠం, అందులో పదిహేను అడుగుల మైత్రేయ బుద్ధుడి విగ్రహం ఉన్నాయి. చూసుకుని రోడ్డు మీదకొచ్చి డార్జిలింగ్ వైపు దిగడం మొదలుపెట్టండి. ఆరేడు కిలోమీటర్లు, దాదాపు అంతా పల్లమే. పట్టాలు రోడ్డు పక్కనే, ఒక్కోచోట దుకాణాల గడపలకి ఆనుకుని పోతాయి. పట్టాల మధ్య దూరం రెండడుగులు.

ఆనందపు రైలు, అదే డార్జిలింగ్ నుంచి ఘుమ్ వెళ్లి వచ్చే జాయ్ రైడ్, రెండు గంటల ప్రయాణం. డీజిల్ ఇంజనుకి వెయ్యి, ఆవిరి ఇంజనుకి పదిహేను వందల చుట్టూ ఉంటుంది. మీరు నడిచే దారిలో అవే రైళ్లు కూతపెట్టుకుంటూ చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పోతాయి. లోపల కూర్చున్నవాళ్లకి కిటికీ ఒక్కటే కనిపిస్తుంది, బయట నడిచేవాళ్లకి రైలంతా కనిపిస్తుంది. కూత వినగానే గోడ వైపు కాకుండా ఖాళీ ఉన్న వైపుకి జరగండి. ఇంజను పక్కన ఆవిరి వేడిగా కొడుతుంది.

దారిలో బటాసియా లూప్. కొత్తవలస నుంచి కిరండూల్ లైనులో సొరంగం మీద సొరంగం చూసిన మనకి ఇక్కడ ఒక్క సొరంగమూ కనిపించకపోవడం వింతగా ఉంటుంది. 1881లో ఈ రైలు వేసినవాళ్లు కొండని తొలవలేదు, పట్టాలని చుట్టలు తిప్పి, ముందుకీ వెనక్కీ నడిపి ఎక్కించారు. బటాసియాలో పట్టా తన మీద నుంచి తానే దాటుతుంది. వాలు తగ్గించడానికి 1919లో కట్టారది. యునెస్కో 1999లో ఈ రైలు మార్గాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లోపలికి చిన్న టికెట్టు ఉంది. రైలు వచ్చే వేళ అడిగి వెళ్తే అది చుట్ట తిరగడం చూడొచ్చు.

సాయంత్రం ఓపిక ఉంటే జపనీస్ శాంతి స్తూపం దాకా నడవండి, టికెట్టు లేదు. రోప్‌వే, రాక్ గార్డెన్ వదిలేసినా పెద్దగా పోయేదేమీ లేదు. రాక్ గార్డెన్‌కి బండి ఖర్చే ఎక్కువ, మన వైపు తాటిపూడి, అరకు దారుల్లో జలపాతాలు చూసినవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు.

తిండి

మోమోలు, తుక్పా (నూడుల్స్ వేసిన వేడి సూపు). ప్లేటు 60 నుంచి 120. పొద్దున సెల్ రోటీ (బియ్యప్పిండితో నూనెలో వేయించిన చక్రం), ఆలూ దమ్. మోమోలో పంది, గొడ్డు, కోడి, కూరగాయలు అన్నీ ఉంటాయి. తినే ముందు ఏదో అడగండి, బోర్డు మీద రాయకపోవచ్చు. శాకాహారులకి చౌక్ బజార్ చుట్టుపక్కల మార్వాడీ భోజనశాలలు ఉన్నాయి. అన్నం, పప్పు, రెండు కూరలు వంద, నూటయాభైకి వస్తాయి. అన్నం సన్నగా ఉండదు, పప్పులో పులుపు ఉండదు. కందిపొడి, ఆవకాయ చిన్న డబ్బాలో పట్టుకెళ్లినవాళ్లు మూడో రోజు సుఖపడతారు. దుకాణంలో మగవాళ్లని "దాజు" అని, ఆడవాళ్లని "దీదీ" అని పిలిచి "కతి?" అని అడగండి, ఎంత అని అర్థం. ఆ ఒక్క నేపాలీ మాటకే బేరం కొంచెం మెత్తబడుతుంది.

ఫోన్ చెల్లింపులు చాలాచోట్ల నడుస్తాయి. మబ్బు పట్టిన రోజు సిగ్నల్ పోతే షేర్ జీపువాడు ఆగడు. చిల్లర నోట్లు రెండు మూడు వేలు దగ్గర ఉంచుకోండి. ఆధార్ అసలుది తీసుకెళ్లాలి, గది ఇచ్చేవాళ్లు అడుగుతారు. డార్జిలింగ్‌కి మనకి పర్మిట్ ఏమీ అక్కర్లేదు.

లెక్క

రైలు రానూపోనూ 1,750. జీపులు 700. మూడు రాత్రుల డార్మిటరీ 1,800. తిండి ఆరు రోజులకి రోజుకి 350 చొప్పున 2,100. టికెట్లు, ఊళ్లో జీపులు 900. చేతి ఖర్చు 750. మొత్తం 8,000. దీని మీద ఇంకో రెండు వేలు ఖాతాలో ముట్టకుండా ఉంచండి, రోడ్డు మూసుకుపోయి ఒక రాత్రి ఎక్కువ ఉండాల్సొస్తే పనికొస్తుంది. స్వెటర్లు, బూట్లు ఈ లెక్కలో లేవు.

దిగడం, తేయాకు

బుధవారం రాత్రి న్యూ జల్పాయ్‌గుడిలో రైలు. ఎనిమిది గంటల బండికి డార్జిలింగ్‌లో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా జీపెక్కాలి. సాయంత్రమయ్యేసరికి కిందకి దిగే షేర్ జీపులు పలచబడతాయి, అప్పుడు మిగిలిన నలుగురూ కలిసి బండి మొత్తానికి కట్టాల్సి వస్తుంది. గురువారం పొద్దున సియాల్దా, మళ్లీ మెట్రోలో హౌరా, ఉదయం బండి దొరికితే ఆ రాత్రికే ఇల్లు.

బుధవారం పొద్దున ఖాళీగా ఉంటుంది కాబట్టి హ్యాపీ వ్యాలీ అప్పుడు చూడండి. 1854 నాటి తోట, ఊరి అంచునే. వంద రూపాయల చుట్టూ తీసుకుని ఫ్యాక్టరీలో ఆకు వాడ్చడం, నలపడం, ఆరబెట్టడం వరసగా చూపిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకు కోయరు, ఆ రోజుల్లో యంత్రాలు ఆగే ఉంటాయి.

తేయాకు కొనేటప్పుడు ఆకు చూసి కొనండి. మనం ఇంట్లో వాడే గింజలాంటి పొడి డార్జిలింగ్ కాదు, ఆ ఊళ్లోనే 'డార్జిలింగ్ టీ' అని రాసి అమ్మినా సరే. పొడవాటి మెలితిరిగిన ఆకు, అరచేతిలో వేసి నలిపి వాసన చూస్తే పూల వాసన రావాలి. మార్చి, ఏప్రిల్లో కోసినది లేత రంగు, ఘాటైన వాసన. మే, జూన్ ఆకు రంగు ముదురు, రుచి నిండుగా ఉంటుంది, మన నాలుకకి అదే త్వరగా నచ్చుతుంది. వంద గ్రాములు 200 నుంచి 300కి మంచిదే వస్తుంది. కప్పుకి రెండున్నర గ్రాములు చాలు, అంటే నలభై కప్పులు. నీళ్లు మరిగాక దించి అర నిమిషం ఆగి ఆకు మీద పోసి, మూత పెట్టి, మూడు నిమిషాలకి వడగట్టాలి. పొయ్యి మీద మరిగించి పాలు పోస్తే చేదు తప్ప ఏమీ మిగలదు, డబ్బు దండగ.

సంచి సర్దేటప్పుడు తేయాకు పొట్లాన్ని ఆవకాయ డబ్బా ఉన్న అరలో పెట్టకండి. ఆకు పక్కనున్న ప్రతి వాసనా పీల్చేస్తుంది, హౌరా చేరేసరికి పూల వాసన పోయి మెంతిపిండి వాసన వస్తుంది. ఖాళీ డబ్బాదైనా అంతే.